ముఖానికి మూడు వస్తువులు చాలు

“మొహానికి ఏం రాసుకోమంటారండీ?” అని అడుగుతూ ఈమధ్య నాకు చాలా ఉత్తరాలు వస్తున్నాయి. అడిగేవాళ్ళలో కాలేజీ పిల్లలున్నారు, పెళ్ళి కుదరవలసిన అమ్మాయిలున్నారు, నలభై దాటి బుగ్గల మీద మంగు మచ్చలు చూసుకొని దిగులుపడే ఇల్లాళ్ళూ వున్నారు. సెల్‌ఫోనులో ఎవరో ఒకావిడ పొద్దున ఏడు సీసాలు, రాత్రి అయిదు సీసాలు వరసగా పేర్చి చూపిస్తుందట. అవన్నీ కొంటే నెల తిరిగేసరికి ఇంటద్దెలో సగం అక్కడే హరించుకుపోతుంది. కొనకపోతే ఏదో పోగొట్టుకొంటున్నామన్న బెంగ!

ఆ బెంగ అక్కరలేదు. మామూలు ఆరోగ్యం గల మనిషి చర్మానికి రోజూ చేయవలసినవి మూడే పనులు. శుభ్రంగా కడుక్కోవడం, తేమ ఆరిపోకుండా చూసుకోవడం, ఎండ తగలకుండా కాపాడుకోవడం. వీటికి మూడు వస్తువులు చాలు. మిగిలినవన్నీ పెళ్ళిలో బాణాసంచా వంటివి. వుంటే వేడుకే, లేకపోతే పెళ్ళి ఆగదు.

మొదట కడుక్కోవడం సంగతి చూద్దాం. రోజుకు రెండుసార్లు చాలు. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్ళతో కడుక్కొని మెత్తని బట్టతో అద్దుకోండి. మన చర్మం పైపొరకు కొంచెం ఆమ్లగుణం వుంటుంది, దాని పి.హెచ్. 5 ప్రాంతంలో వుంటుంది. మామూలు సబ్బుకు 9, 10 మధ్య వుంటుంది, అంటే క్షారగుణమన్నమాట. అందుకే రోజుకు నాలుగైదుసార్లు సబ్బు రుద్దేవాళ్ళ మొహం బిగుసుకుపోయి, పొట్టు లేస్తూ వుంటుంది. సబ్బు కొనేటప్పుడు పరిమళం కాదు, అట్టమీద టి.ఎఫ్.ఎం. అని అచ్చువేసిన అంకె చూడండి. సబ్బులోని కొవ్వు ఆమ్లాల పాలు ఎంతో చెప్పే అంకె అది. 76 శాతం, ఆపైన వుంటే మొదటి రకం, 70 వుంటే రెండవది, 60 వుంటే మూడవది. సబ్బు అసలు పడనివాళ్ళు మెత్తని ఫేస్‌వాష్ ఒకటి తెచ్చుకొంటే సరిపోతుంది.

మరి అమ్మమ్మలనాటి నలుగు మాటేమిటంటారా? పెసరపిండి, శనగపిండి నిక్షేపంగా వాడుకోవచ్చు. కాకపోతే మెత్తగా జల్లించుకోవాలి, నెమ్మదిగా రాసుకొని కడిగేసుకోవాలి. గిన్నెలు తోమినట్టు తోమితే వున్న మొటిమలు రేగుతాయి. నిమ్మకాయను మాత్రం పులిహోరకే వుంచండి. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెడితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. ఆ తరువాత పడే నల్లమచ్చలు వారాలు, నెలలు పోవు. తినే సోడా, పళ్ళు తోముకొనే పేస్టు కూడా మొహానికి తగవు.

రెండవది తేమ. స్నానం చేసి వచ్చాక, తడి పూర్తిగా ఆరకముందే ఒళ్ళంతా ఏదైనా రాసుకోవాలి. రాసుకొన్నది ఆ తడిని పట్టి వుంచుతుంది. అదే దాని పని. ఒంటికీ చేతులకూ కొబ్బరినూనె చక్కగా పనిచేస్తుంది. మొహంమీద మొటిమలు వచ్చేవాళ్ళు అక్కడ నూనె రాయకండి, రంధ్రాలు పూడుకుపోతాయి. వాళ్ళకు గ్లిసరిన్ కలిసిన పల్చని లోషను మంచిది. పెదవుల పగుళ్ళకూ మడమల పగుళ్ళకూ పెట్రోలియం జెల్లీ వుండనే వుంది. అమెరికాలో 1872లో పేటెంటు పుచ్చుకొన్న పాత వస్తువది. ఆ పనికి ఈనాటికీ అంత చవకైనది మరొకటి కనబడదు.

మూడవది ఎండ. మంగు మచ్చలకు గర్భధారణ, శరీరంలోని హార్మోనుల మార్పులు కారణమైనా, వాటిని ముదిరేట్టు చేసేది ఎండే. రామగుండంలోనూ విజయవాడలోనూ వేసవి గడిపినవారికి ఎండ సంగతి నేను చెప్పాలా? పొద్దున 10 నుంచి సాయంత్రం 4 వరకు బయటికి వెళ్ళక తప్పనివారికి మొదటి మందు గొడుగు. గొడుగు లేకపోతే పైటకొంగు, చున్నీ. ఆ తరువాతనే సన్‌స్క్రీన్. కొనగలిగితే ఎస్.పి.ఎఫ్. 30 వున్నది చాలు. చర్మాన్ని కాల్చే కిరణాలలో 97 శాతాన్ని అది ఆపుతుంది. 50 వున్నది ఆపేది 98 శాతం. ఆ ఒక్క శాతానికి రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. అయితే డబ్బామీద పి.ఎ. అనే అక్షరాల పక్కన ప్లస్ గుర్తులున్నాయేమో చూడండి. బస్సు కిటికీ అద్దంలోంచి కూడా దూరి వచ్చి మచ్చలు పెంచే మరో రకం కిరణాలను ఆపే గుణం అది తెలుపుతుంది. చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పెట్టుకొంటే మొహానికీ మెడకూ సరిపోతుంది. చిటికెడు రాసుకొంటే అట్టమీది అంకె అట్టమీదనే వుండిపోతుంది. చాలాసేపు ఎండలో వుండేవారు రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి.

కాబట్టి పొద్దున కడుక్కోవడం, లోషను, సన్‌స్క్రీన్. రాత్రి కడుక్కోవడం, లోషను. అంతే! పడుకొనేముందు స్టిక్కరు బొట్టు తీసి అద్దానికి అంటించడం మరచిపోకండి. కొన్ని రకాల బొట్టుబిళ్ళల జిగురులో వుండే ఒక రసాయనం వల్ల కొందరికి నుదుట ఆ చోటు తెల్లబడిపోతుంది. దురదగాని తెల్లదనంగాని కనిపిస్తే వెంటనే మానేసి డాక్టరుకు చూపించండి.

ఇక అసలు చెప్పదలచిన మాట. మా కాలేజీలో ఒక అమ్మాయి ఎనిమిది నెలలపాటు మందులషాపులో ఇచ్చిన ఒక క్రీము రాసింది. పెళ్ళిచూపులకు ముందు ఎవరో చుట్టాలావిడ చెప్పిందట. మొదటి రెండు వారాలు మొహం తెల్లగా, నున్నగా మెరిసింది. ఇంట్లోవాళ్ళు మురిసిపోయారు. ఆ తరువాత ఒక్కరోజు మానేస్తే చాలు, మంట, ఎరుపు, మొటిమలు. ఎండలోకి వెడితే కారం చల్లినట్టుండేది. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక ఊడినట్టయింది పాపం! ఆ గొట్టం మీద చిన్న అక్షరాలలో వున్న పేరు క్లోబెటసాల్. అది స్టెరాయిడు మందు. బెటామెథసోన్, మోమెటసోన్ కూడా ఆ కోవలోవే. డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులే. సౌందర్యానికని నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, మొహాన వెంట్రుకలు కూడా మొలుస్తాయి. ఇటువంటి 14 రకాల స్టెరాయిడు పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలున్నాయి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు తమంతట తాము ఠక్కున మానకుండా, ఆ గొట్టం పట్టుకొని చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళండి. మెడికల్ కాలేజీలకు చెందిన ప్రభుత్వాసుపత్రులలో ఈ విభాగం వుంటుంది.

ఇంకో ప్రమాదం పాదరసం. పేరూ వూరూ సరిగా లేని తెల్లబరిచే క్రీములలో ఇది కలుస్తూ వుంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరి మూత్రపిండాలు దెబ్బతినగా, వారు వాడిన తెల్లబరిచే క్రీములే మూలమని డాక్టర్లు కనిపెట్టారు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, కలిపిన వస్తువుల జాబితా లేని డబ్బాను ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకండి.

నల్లని చర్మంలోనూ తెల్లని చర్మంలోనూ రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒక్కటే. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఆ మెలనిన్ ఎండనుంచి మనల్ని కొంతవరకు కాపాడే గొడుగు. డబ్బులు పోసి ఆ గొడుగు చింపుకోవడం ఏం తెలివి? భారతంలో ద్రౌపదికి కృష్ణ అని పేరు రావడం ఆమె నల్లగా వున్నందుకే. ఆమె స్వయంవరానికి రాజులు రాకుండా వుండలేదు.

చర్మం పైపొర మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. కనుక ఈ మూడూ ఒక నెలరోజులు ఓపికగా చేసి చూడండి. మచ్చలు, మొటిమలు అప్పటికీ తగ్గకపోతే మరో క్రీముకు కాదు, డాక్టరు ఫీజుకు డబ్బు తీయండి. ఆడపిల్లల తల్లులకు ఒక్క మాట: పెళ్ళివారు రంగు గురించి అడిగితే జవాబు మీరు చెప్పండి, పిల్ల చేతికి మాత్రం క్రీము గొట్టం ఇవ్వకండి.