బ్యాటరీని తిట్టకముందు డైనమో చూడండి

"అరేయ్, బ్యాటరీ మళ్ల సచ్చిందిరా." పొద్దున ఆరింటికి మా కాక ఫోన్. గూడూరులో నాట్ల టైం. బ్యాటరీ కొని మూడు నెలలు కాలేదు.

బండి పాత మాస్సీ 1035. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. ఒకసారి స్టార్టయితే కరెంటుతో పని లేదు. డైనమో పనిచేయకపోయినా దినమంతా దున్నుతుంది. తెల్లారి సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుంటుంది. అప్పుడు నేరమంతా బ్యాటరీ మీదే! నా భయం పైసల గురించి కాదు. ఇదే బండి మక్కల లోడుతో రాత్రిపూట కేసముద్రం మార్కెట్‌కు పోతుంది. హెడ్‌లైట్ మిణుకుమంటుంటే, ఎదురుగా బైకు మీద వచ్చే పిల్లగానికి ఏం కనబడుతుంది?

ఎర్ర ఛార్జింగ్ లైటు రేస్ పెంచినా ఆరడం లేదు. ఫ్యాన్ బెల్టు టైటుగానే ఉంది. ఇంజిన్ ఆపి, డైనమో వెనక ఉన్న రెండు తీగలను ముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్న (ఇది మర్చిపోతే తర్వాత ఏడుపే). తీగలు రెండూ విప్పి, పెద్ద టెర్మినల్ 'డి'ని, చిన్నది 'ఎఫ్'ని చిన్న వైరుతో కలిపిన. అక్కడి నుంచి బాడీకి 12 వోల్టుల బల్బు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి మెల్లగా రేస్ ఇచ్చిన. బల్బు బాగా వెలిగితే డైనమో మంచిదే, తప్పు తీగల్లోనో రెగ్యులేటర్ డబ్బాలోనో ఉన్నట్టు. రేస్ ఎక్కువిస్తే బల్బు మాడిపోతుంది, జాగ్రత్త. పొడుగ్గా గొట్టంలా ఉండే డైనమోకే ఈ పరీక్ష. పొట్టిగా లావుగా ఉండే ఆల్టర్నేటర్‌కు అస్సలు చేయొద్దు.

మాది వెలగలేదు. విప్పి చూస్తే కార్బన్ బ్రష్షులు అరిగి గోరంత మిగిలినయ్. కొత్తవి వేసి, ఆర్మేచర్ మీది రాగి భాగాన్ని సన్నటి గరుకు కాగితంతో తుడిచిన. అయినా వెలగలేదు! కాక నా మొహం చూసిండు.

డైనమో పుట్టించే కరెంటుకు మొదలు, దాని ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతమే. 1866లో జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ పట్టుకున్న కిటుకు అది. ఆ అయస్కాంతం పోతే ఎంత తిప్పినా లాభం లేదు. ఇంజిన్ ఆపి, బాడీకి బిగించని బ్యాటరీ టెర్మినల్ నుంచి ఒక వైరు తెచ్చి, విడిగా ఉన్న 'ఎఫ్'కు ఒక్క క్షణం తాకించిన. చిన్న మెరుపు. మళ్లీ స్టార్ట్ చేస్తే బల్బు భగ్గుమన్నది.

ఫొటో చూసుకుంటూ తీగలు బిగించిన. ఎర్ర లైటు ఆరింది.

మూడు నెలల కింద పాత బ్యాటరీని ఏం చేసినవని అడిగిన. "పాతసామాన్లోనికి ఇచ్చిన" అన్నడు కాక, నాగలి దిక్కు చూసుకుంట.