డిస్కో వెళ్లిపోయింది, జంట గొంతు నిలిచింది

ఈ జూన్ 4కి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పుట్టి 80 ఏళ్లు. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం 1966 డిసెంబరులో సంగీత దర్శకుడు కోదండపాణి ఆయన చేత తొలి పాట పాడించారు. ఆ పాటకూ ఈ ఏడాదే షష్టిపూర్తి. హరికథకులు సాంబమూర్తిగారి అబ్బాయిగా మన శ్రీకాళహస్తిలో బడికి, మన తిరుపతిలో పీయూసీకి వెళ్లిన కుర్రాడు కాబట్టి మనకు ఈ పండుగ ఇంటి పండుగే. అయితే బాలును ఒక్కడినే తలచుకుంటే సగం తలచుకున్నట్టే. రెండో సగం ఎస్. జానకి.

గూడూరులో పాటల పోటీకి అతిథిగా వెళ్లిన జానకి, ఆ కుర్రాడిని సినిమాల్లో ప్రయత్నించమన్నారు. బాలు జీవితాంతం ఆ మాట చెప్పుకున్నారు. 1957 నుంచే పాడుతున్న జానకమ్మ పక్కన, తర్వాత ఆయనే మైకు ముందు నిలబడ్డారు.

వారి జంట పండిన ఎనభయ్యో దశకం డిస్కో కాలం. 1977లో 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమా ప్రపంచమంతా డిస్కో ఊపు తెచ్చింది. రెండేళ్లకే, 1979 జులైలో, షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. అక్కడ వద్దనుకున్న దరువు ఇక్కడ అప్పుడే మొదలైంది. 1983లో ఇళయరాజా బాణీలకు ఈ ఇద్దరే 'అభిలాష'లో కుర్రకారు హుషారునూ, 'సాగర సంగమం'లో పెదవి దాటని ప్రేమనూ పాడారు. గొంతులు అవే, మనుషులే వేరనిపించింది.

అమెరికాలో సోల్ నుంచి డిస్కోకు నడిచిన 'పీచెస్ అండ్ హెర్బ్' జంటలో హెర్బ్ ఒక్కరే. పీచెస్‌లు మాత్రం మారుతూ వచ్చారు. అక్కడ మనిషి మారినా జంట పేరు ఉండిపోయింది. మన జంటకు అసలు పేరే లేదు. బాలు సుశీలతో, వాణీ జయరాంతో, చిత్రతోనూ పాడారు. జానకీ ఎందరితోనో పాడారు. అయినా క్యాసెట్ మీద ఈ రెండు పేర్లు పక్కపక్కన కనిపిస్తే చాలు, కొనేవాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయేది.

దరువు పాతబడినా పాట పాతబడకపోవడానికి కారణం వినికిడి. పక్క గొంతు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ నవ్వుతుందో విని అందుకోవడం వారికి అలవాటు. నేడు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే యుగళగీతం పూర్తవుతోంది. సౌకర్యం పెరిగింది కానీ, ఆ ఇచ్చిపుచ్చుకోవడం తగ్గింది.

బాలు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. కాళహస్తిలో, తిరుపతిలో ఆయనతో చదువుకున్నవారికీ ఇప్పుడు ఎనభై ఏళ్లు. విగ్రహాలకు, విభావరులకు తొందరేమీ లేదు. ముందు ఆ పెద్దల ఇళ్లకు వెళ్లి, వాళ్ల జ్ఞాపకాలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. తిరుపతి సంగీత కళాశాల పూనుకుంటే ఈ ఏడాదిలోనే అయ్యే పని ఇది.