సర్జన్ ఊరు దాటాక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్లే డాక్టర్లలో నేనూ ఒకణ్ని. ఉండేది బెంగళూరులో. మా గురించి జనం అడిగేది ఒక్కటే, సారుది హస్తవాసి ఎలాంటిదని. రాత్రికి వార్డులో ఎవరుంటారని మాత్రం ఎవరూ అడగరు.

హెర్నియా, వరిబీజం, ఊళ్లో ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అనే అపెండిసైటిస్... వెన్నులో మత్తిచ్చి ఇవి చిన్న ఆస్పత్రిలోనూ చేయొచ్చు. థైరాయిడ్ గడ్డ దగ్గర ఆగిపోతాను. కోత కష్టమని కాదు. అరుదుగానే అయినా, కుట్లేసిన కొన్ని గంటలకు లోపల రక్తం కారి మెడ బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు. అప్పుడు ఎవరో ఒకరు మంచం దగ్గరే కుట్లు కత్తిరించి రక్తపుగడ్డ తీసెయ్యాలి. చేతిలో ఉండేది నిమిషాలే. ఆ సమయానికి నేను బెంగళూరు దారిలో ములబాగిలు దాటి ఉంటాను. ఫోన్లో చెప్పి చేయించే పని కాదది.

కుప్పంలో లెక్క వేరు. పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, రాత్రి డ్యూటీలో డాక్టర్లుంటారు. అదే కేసు పుంగనూరులో పది పడకల నర్సింగ్ హోమ్‌కి వస్తే తిరుపతి వెళ్లమంటాను. ‘టమాటా కోతల్లో ఉండాం సార్, తిరుపతికి పోతే కూలి పోతుంది, మీరే చెయ్యండి’ అంటారు. ఆ మాట కాదనడం ఆపరేషన్ కన్నా కష్టం. మేనేజ్‌మెంట్‌కీ నచ్చదు, కేసు పోయిందని.

కడుపు కోసిన పేషెంట్‌కి లోపల రక్తం కారుతుంటే పల్స్ 90 నుంచి 110కి, 130కి ఎక్కుతూ ఉంటుంది. బీపీ ఇంకా బాగానే ఉంటుంది. బీపీ చూసి ఊరుకునే నర్సు ఉంటుంది, యూరిన్ బ్యాగు కూడా చూసి మూత్రం తగ్గిందని అప్పుడే ఫోన్ చేసే నర్సూ ఉంటుంది. ఈ రెండో ఆవిడ తయారవడానికి ఏళ్లు పడుతుంది, జీతం చాలక బెంగళూరుకి వెళ్లిపోవడానికి ఒక్క నెల చాలు. నాకు ఒక్కరోజుకి ఇచ్చేదీ ఆమెకు నెలకి ఇచ్చేదీ ఇంచుమించు ఒకటే.

సిజేరియన్, కడుపు కోసి చేసే ఆపరేషన్, ఎముక విరిగి బయటికొచ్చిన గాయానికి వైద్యం: ఈ మూడూ రెండు గంటల దూరంలో దొరకాలని 2015లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. మనవాళ్లు దాన్ని ‘సర్జన్ కావాలి’ అని చదువుకున్నారు. మత్తు డాక్టరు, రక్తం నిల్వ, రాత్రి నర్సు లేకుండా సర్జన్ ఒక్కడొచ్చి ఏం చేస్తాడు? మెగా క్యాంపు ఫ్లెక్సీ మీద ఎన్ని ఆపరేషన్లు చేశారో వేస్తారు, మర్నాడు ఎంతమందిని ఎవరు చూశారో వేయరు. చేసి వెళ్లిపోకుండా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ అక్కడి క్షయ ఆస్పత్రిలో ఏళ్ల తరబడి ఉండిపోయారు. నాకు అంత త్యాగం లేదు. ఒక్క రాత్రి ఉండగలను.

అందుకే ఇప్పుడు రెండు షరతులు పెడుతున్నాను. పెద్ద కేసులు పొద్దునే, చేసిన రాత్రి నేను అక్కడే పడుకుంటాను. నా ఫీజులో కొంత కోసి రాత్రి నర్సుకి ఇవ్వాలి. ఒకచోట ఒప్పుకున్నారు. ఇంకోచోట కోత వరకూ సరేనన్నారు, ఆమెకిచ్చే సంగతే తేలలేదు.