మౌనం వినయం కాదు

ఈ పుటలో సాధారణంగా ఛందస్సును గురించో పాత పుస్తకాలను గురించో రాసుకుంటూ ఉంటాను. ఈసారి విషయం వేరు. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపిన ఒక పంతులు చేసిన పొరపాటును మీ ముందు ఉంచుతున్నాను.

మా పద్మనాభం కొండమీది అనంతపద్మనాభస్వామి గుడికి 1290 మెట్లు. ఉద్యోగ విరమణ తరువాత ఆ మెట్లే నా వ్యాయామశాల. పక్కవీధి కుర్రవాడొకడు, ఇంటర్మీడియట్ విద్యార్థి, కొంతకాలం నాకు తోడుగా ఎక్కేవాడు. తరువాత అది మానేసి పట్నంలో ఒక జిమ్ములో చేరాడు. కొద్ది నెలల్లోనే వాడి భుజాలు, ఛాతీ పోతపోసినట్లయ్యాయి. నేనూ మెచ్చుకున్నాను.

ఒకనాడు వాడి తల్లి వచ్చింది. "మా గుంటడు మునుపట్లా లేడండి మాస్టారూ. కంచం ఇసిరేస్తన్నాడు. చెల్లిని కొట్టాడండి" అని కన్నీళ్ళు పెట్టుకుంది. "వయసు పొగరమ్మా, తగ్గుతుంది" అన్నాను. కొన్నాళ్ళకు వాడి సంచిలో సూదులు, మందు సీసాలు కనబడితే ఆమె వాటిని పారవేసింది. ఆ తరువాత కొన్ని వారాలకు ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. వాడు తల వంచుకుని కూర్చునేవాడు. పిలిచినా పలికేవాడు కాదు. "చూశావా తల్లీ, దారికి వచ్చాడు" అన్నాను.

దారికి రాలేదు. బతుకు మీద ఆశ వదులుకుంటున్నాడు. ఒక రాత్రి వాడు చెల్లెలితో అన్న మాటను ఆ పిల్ల తల్లికి చెప్పబట్టి సరిపోయింది. విశాఖపట్నంలో మనోవైద్యుని వద్దకు తీసుకుపోయాము.

ఆయన చెప్పినది, అటుపై నేను చదివి తెలుసుకున్నది క్లుప్తంగా రాస్తాను. ఉబ్బసానికి వైద్యులిచ్చే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. ఇవి అనబాలిక్ స్టెరాయిడ్లు, అనగా కృత్రిమంగా చేసిన పురుష హార్మోను టెస్టోస్టిరాన్, దాని దాయాదులు. కోపతాపాలకు కళ్ళెం వేసే మెదడు ముందుభాగం సుమారు ఇరవై అయిదేళ్ళ వరకు పరిణతి చెందుతూనే ఉంటుంది. కళ్ళెం ఇంకా తయారుకాకముందే ఈ మందు గుర్రానికి మదమెక్కిస్తుంది. అంతేకాదు, బయటి నుంచి హార్మోను వచ్చిపడుతుంటే, ఇక అక్కరలేదని మెదడు వృషణాలకు ఆజ్ఞలు పంపడం మానుకుంటుంది. మందు హఠాత్తుగా ఆపితే అరువుదీ ఉండదు, సొంతదీ ఉండదు. శరీరం మళ్ళీ కుదుటపడడానికి వారాలు, ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. కొందరిని తీవ్రమైన కుంగుబాటు ఆవరించేది అప్పుడే.

అమెరికాలో రిచర్డ్ మెలోని అనే పరిశోధకుని బృందం కౌమారదశలోని హామ్‌స్టర్లనే చిన్న జంతువుల మీద ఈ మందులను పరీక్షించింది. మందు ఇస్తున్నంతకాలం అవి పోట్లాడాయి. ఆపిన కొంతకాలానికి పోట్లాట తగ్గి, బెదురు పెరిగింది. జంతువులకు జరిగినదంతా మనుషులకూ జరగాలని లేదు. మందు వాడిన ప్రతి కుర్రవాడూ ఇలా అవుతాడనీ అనను. కానీ ఆ సంగతి చదివినప్పుడు నాకు మా వీధి కుర్రవాడే కనిపించాడు. 2003లో టెక్సాస్ రాష్ట్రంలో టేలర్ హూటన్ అనే పదిహేడేళ్ళ బేస్‌బాల్ ఆటగాడు ఆత్మహత్య చేసుకున్నాడు. స్టెరాయిడ్లు ఆపిన తరువాతి కుంగుబాటే అందుకు కారణమని అతని తండ్రి 2005లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు వాంగ్మూలమిచ్చాడు.

బలం మన ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు గారిని లోకం కలియుగ భీముడన్నది. ఆమదాలవలస ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. కసరత్తు చెయ్యవద్దని నేననడం లేదు. కానీ 2022లో వచ్చిన జాతీయ డోపింగ్ నిరోధక చట్టం ప్రధానంగా పోటీల క్రీడాకారుల కోసం. అద్దం ముందు నిలబడే కుర్రవాడు ఏ పోటీలోనూ లేడు, వాడినెవరూ పరీక్షించరు. వైద్యుని చీటీ లేనిదే ఈ మందులు అమ్మరాదన్న నిబంధన ఉన్నా, అవి వాడి సంచిలోకి చేరనే చేరాయి. ఇక వాణ్ణి గమనించవలసినది మనమే.

అందులోనే మా పంతుళ్ళ లోపమున్నది. అల్లరి పిల్లవాణ్ణి చూస్తాము, మందలిస్తాము. నోరెత్తనివాణ్ణి బుద్ధిమంతుడంటాము. జీవితమంతా తరగతి గదిలో నిశ్శబ్దాన్నే కోరుకున్నవాణ్ణి కనుక ఆ కుర్రవాడి మౌనం నాకు వినయంగా తోచింది. కండలు అకస్మాత్తుగా పెరిగి, వీపు నిండా మొటిమలు వచ్చి, కోపం హద్దు మీరితే, తిట్టక ముందు ఏమి వాడుతున్నావని అడగండి. సీసాలు దొరికితే పారవేసి ఊరుకోకండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఆ తరువాత ఇల్లు నిశ్శబ్దమైతే సంతోషించకండి. పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ అని ఆ వైద్యుడే చెప్పారు.

వాడిప్పుడు మందులు వాడుతూ మళ్ళీ నాతో మెట్లెక్కుతున్నాడు. సగం దూరంలో కూర్చుండిపోతాడు. నేనూ కూర్చుంటాను. ఒక్కొక్కనాడు మాట్లాడతాడు, ఒక్కొక్కనాడు లేదు. మాట్లాడని రోజున, "ఏమిరా, ఎలా ఉంది?" అని నేనే అడుగుతున్నాను.