కళ్లమునకు ఫోను దీపము

మిరపకాయ కళ్లమున నున్నన్నాళ్లు పల్నాటి రైతునకు కంటిమీద కునుకుండదు. దొంగ భయమొకటి, అకాలవర్షపు భయమొకటి. చీకటిలో పట్టా కప్పబోవువానికి పాము భయము మరియొకటి. కావున ఫోనుతో వెలిగించుకొను బయటి దీపములపై మన సభ్యులకు మక్కువ కలుగుట సహజము. ఆ దీపములను మేము కాదనము. చూడక కొనుటనే కాదనుచున్నాము.

మేమును అట్లే కొని చెడితిమి. అమ్మినవాడు ఇంట వైఫై యున్న చాలుననెను. రెండు సాయంకాలములు కుస్తీ పట్టినను దీపము ఫోనునకు చిక్కలేదు. తుదకు తెలిసినదేమన, మా రౌటరు 2.4, 5 గిగాహెర్ట్జ్ అను రెండు తరంగములను ఒక్క పేరుతోనే పంపుచున్నది. ఇట్టి దీపములలో పెక్కింటికి మొదటిదే తెలియును. ఫోను రెండవదానిని పట్టుకొని కూర్చున్నది. రౌటరులో ఆ రెంటికి వేరువేరు పేర్లు పెట్టి, ఫోనును 2.4 పేరునకు కలిపినంతనే దీపము దొరకినది. వైఫై రహస్యపదమును మార్చినవారు దీపమును మరల మొదటినుండి కలుపుకొనవలసినదే.

గోడల మాట వేరు. మందపు రాతిగోడ వైఫైని మింగివేయును. ఇనుపరేకు అంతకన్న అడ్డము. కొనుటకు ముందే తలుపులు మూసి, దీపము తగిలింపదలచిన చోట ఫోనుతో నిలిచి, 2.4 తరంగము చక్కగా అందుచున్నదో లేదో చూడవలయును. అందనిచో రౌటరును కిటికీ దరికి జరుపుడు. రెంటచింతల యెండ లెరిగిన మనము దీపమును రేకునకు అంటించక చూరు నీడను కట్టుట మేలు. పెట్టెపై ఐపీ 65 అని యుండవలెను. అందు 6 ధూళి చొరదనియు, 5 నీటిధారకు ఓర్చుననియు తెలుపును.

ఇంటిలోని పెద్దలు పరుండబోవుచు అలవాటుగా గోడ స్విచ్చి నార్పుదురు. కరెంటే లేని దీపము ఫోను మాట వినునా? చెడినదని తిరిగి పంపినవారును గలరు. అట్లని ఆ స్విచ్చిని పీకివేయుట మాకు సమ్మతము కాదు. వాన వచ్చిన రాత్రి ఫోను యజమాని గుంటూరు యార్డులో నుండవచ్చును. పట్టా కప్పవలసినది ఇంటనున్న ముసలమ్మ. పెక్కు దీపములలో, కరెంటు రాగానే వెలుగునట్లు ఫోనులోనే ఏర్పరచుకొను వీలు గలదు. అట్లు చేసినచో ఆమె స్విచ్చి నార్పి మరల వేసిన చాలును. ఈ వీలు లేని దీపము ఎంత చవుకయైనను కళ్లమునకు పనికిరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఊరికి దూరముగా పొలమున కళ్లము వేయువారికి ఈ బాధయే వలదు. ఇంటి వైఫై అచ్చటికి రాదు. చీకటి పడగానే తనంత వెలుగు సౌరదీపము వారికి చాలును.

సంఘమున పదిమంది కలసి కొనదలచినను, మొదట ఒక్కటే తెప్పించి ఒక సభ్యుని పెరట వారము దినములు వ్రేలాడదీసి చూడుడు. మిగిలిన తొమ్మిదింటి సంగతి ఆ పిమ్మట.