ఉరిశిక్ష రద్దు కావాలి

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో ప్రయాణికులను దోచుకోవడానికి ఇద్దరు యువకులు పెట్రోలు పోశారు. బస్సు తగలబడింది. 23 మంది ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి సొంతూళ్లకు చేరే కుటుంబాలకు ఆ ఘోరం ఎంతటిదో ఒకరు చెప్పనక్కర్లేదు. నిందితులు చలపతిరావు, విజయవర్ధనరావు పేద దళిత కుటుంబాల పిల్లలు. చేసింది డబ్బు కోసం. పేదరికం ఆ నేరాన్ని మాఫీ చేయదు.

గుంటూరు సెషన్స్ కోర్టు 1995 సెప్టెంబరు 7న ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టూ సమర్థించింది. క్షమాభిక్ష అర్జీని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ తోసిపుచ్చడంతో 1997 మార్చి 29న ఉరి తీయడానికి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఏర్పాట్లు మొదలయ్యాయి. పౌరహక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు పరుగులు పెట్టి సుప్రీంకోర్టు నుంచి స్టే తెచ్చింది ఆఖరి గంటల్లోనే. ఆ స్టే కొన్ని గంటలు ఆలస్యమై ఉంటే కథ అక్కడితో ముగిసేది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కూడా వారి ప్రాణాల కోసం రాష్ట్రపతికి మొర పెట్టుకున్నారు. 1998లో కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఈ మధ్యలో కేసు ఫైలులో సాక్ష్యం ఒక్కటీ మారలేదు. రాష్ట్రపతి భవన్‌లో మనిషి మారారు, అంతే.

1975లో భూమయ్య, కిష్టగౌడ్‌లకు ఆ పాటి అదృష్టం కూడా దక్కలేదు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ఈ నక్సలైట్ కార్యకర్తలకు భూస్వాముల హత్య కేసుల్లో ఉరిశిక్ష పడింది. దేశవిదేశాల్లో నిరసనలు వచ్చాయి. అమలు వాయిదా పడుతూ వచ్చింది. ఇంతలో ఆ ఏడాది జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చిపడింది. జీవించే హక్కు కోసం కోర్టు తలుపు తట్టే వీలు కూడా లేని ఆ రోజుల్లో, డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. మరికొన్నాళ్లు గడిచి ఎమర్జెన్సీ ఎత్తేశాక వారి కేసు మళ్లీ విచారణకు వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఇక జవాబు దొరకదు. ఉరిలో ఉన్న అసలు దోషం ఇదే. తప్పు జరిగిందని తేలినా దిద్దుకునే చోటుండదు.

అత్యంత అరుదైన కేసుల్లోనే మరణశిక్ష వేయాలని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. ఏది అరుదో తేల్చేది మాత్రం ఆయా న్యాయమూర్తులే. క్షమాభిక్ష తిరస్కరించాక ఉరికి కనీసం 14 రోజుల గడువు ఉండాలన్న నియమం కూడా 2014లో గాని రాలేదు. ఉగ్రవాద, దేశంపై యుద్ధం కేసులు మినహా మిగతా అన్నిటిలో ఉరి ఎత్తేయాలని 2015లో లా కమిషన్ సిఫారసు చేసింది. కేంద్రం ఆ నివేదికను పక్కన పెట్టింది. పైగా కొత్తగా తెచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉరిని కొనసాగించింది.

ఆ 23 మంది కుటుంబాల గోడు ఏమిటని అడిగేవారున్నారు. అడగాల్సిందే. వారికి కావాల్సింది నేరస్తుడు మళ్లీ వీధిలో కనబడడన్న భరోసా, ఆదుకునే పరిహారం, ఏళ్లూపూళ్లూ సాగని విచారణ. మొదటిదానికి ఉరే అక్కర్లేదు. శిక్ష తగ్గింపు లేకుండా 20, 30 ఏళ్లు, అవసరమైతే బతికినంత కాలం జైల్లోనే ఉంచే తీర్పు ఇవ్వవచ్చని 2008లో శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాజమండ్రి జైల్లో 1976 తర్వాత ఉరి అమలు కాలేదు. అందువల్ల రాష్ట్రానికి వచ్చిన నష్టమేమిటో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. న్యాయ సంహిత నుంచి ఉరిని తొలగించే బిల్లును కేంద్రం పార్లమెంటు ముందుకు తేవాలి. అందాకా గవర్నరుకు రాజ్యాంగం 161వ అధికరణం ఇచ్చిన అధికారంతో మరణశిక్షలన్నిటినీ యావజ్జీవంగా మార్చాలని రాష్ట్ర మంత్రివర్గం సలహా ఇవ్వాలి.