కెమెరా పట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడు?

పిల్లలూ! టీవీలో ఒక పోటీ వస్తోందనుకోండి. ఒక మనిషి ఏడు రోజులపాటు తన ప్రాణాలు కాపాడుకోవాలి. తుపాకులు పట్టుకున్న ముగ్గురు అతన్ని తరుముతుంటారు. చిక్కకపోతే పది లక్షల మార్కుల బహుమతి. చిక్కితే చావే! వ్యాఖ్యాత చిరునవ్వుతో అంతా వివరిస్తుంటాడు. మధ్యమధ్య వ్యాపార ప్రకటనలు వస్తుంటాయి. ఇది చూసి మీరేం చేస్తారు? "ఈ ఘోరాన్ని ఆపండి" అని ఉత్తరం రాస్తారా? లేక "నన్నూ పోటీలో చేర్చుకోండి" అని రాస్తారా?

1970 అక్టోబరు 18న పశ్చిమ జర్మనీలో ఈ కార్యక్రమం చూసినవాళ్ళలో కొందరు మొదటి పని చేశారు. మరికొందరు రెండో పని చేశారు!

నిజానికి అది పోటీ కాదు, సినిమా. పేరు 'దాస్ మిలియోనెన్‌ష్పీల్'. అంటే 'పది లక్షల ఆట' అని అర్థం. అమెరికా రచయిత రాబర్ట్ షెక్లీ కథ ఒకటి 1958లో అచ్చయింది. దాని ఆధారంగా వోల్ఫ్‌గాంగ్ మెంగె ఈ సినిమాను టీవీ కోసం రాశారు. టామ్ టోలె దర్శకత్వం వహించారు. ఇది వైజ్ఞానిక కల్పనే. కానీ ఇందులో రాకెట్లు లేవు, మరమనుషులు లేరు. ఉన్నవి మామూలు వీధులు, ఒక స్టూడియో. మరి ఇందులో విజ్ఞానం ఎక్కడుంది? ప్రయోగశాలలో మనం ఒక్క అంశాన్ని మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఏం జరుగుతుందో చూస్తాం కదా! మెంగె చేసిందీ అదే. దేశాన్ని అలాగే ఉంచి ఒక్క చట్టాన్ని మార్చారు. వినోదం కోసం మనిషిని వేటాడటం నేరం కాదన్నారు. ఆ తరువాత ఏం జరుగుతుందో చూడమన్నారు.

జనం ఎందుకు నమ్మారు? సినిమా అంతా టీవీ కార్యక్రమంలాగే నడిచింది. దారినపోయేవాళ్ళను ఆపి అభిప్రాయాలు అడిగారు. లేని కంపెనీకి ప్రకటనలు తయారుచేసి చూపించారు. వ్యాఖ్యాతగా నటించిన డీటర్ థామస్ హెక్ నిజ జీవితంలోనూ పేరున్న టీవీ వ్యాఖ్యాత. రోజూ చూసే ముఖం చెబితే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది.

ఆ ప్రేక్షకులు వట్టి అమాయకులని నవ్వుకుంటే పొరపాటే. మన కళ్ళూ అలాగే మోసపోతాయి. దాదాపు నూరేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినీ దర్శకుడు ఒక ప్రయోగం చేశారు. ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికించి చూపారు. ముఖం మారలేదు. అయినా చూసినవాళ్ళకు ఒకచోట ఆకలి, మరోచోట దుఃఖం కనిపించాయి! బొమ్మలో లేని అర్థాన్ని మనమే కల్పించుకుంటామన్నమాట.

అయితే టీవీలో చూసిందేదీ నమ్మకూడదా? అదీ తప్పే. ఈ సినిమాకు ఏడాది ముందు, 1969 జూలైలో, అదే టీవీ తెర మీద మనిషి చంద్రుడి మీద నడిచాడు. అది నిజం. ఒకటి నిజం, మరొకటి కల్పన అని ఎలా చెప్పగలం? బొమ్మను చూసి చెప్పలేం. బొమ్మ బయట ఉన్న సాక్ష్యాలను చూసి చెబుతాం. అపోలో 11 యాత్రికులు 21 కిలోలకు పైగా చంద్రశిలలు, మట్టి తెచ్చారు. వాటిని అనేక దేశాల శాస్త్రజ్ఞులు పరీక్షించారు. వాళ్ళు అక్కడ ఉంచిన అద్దాల ఫలకం నుంచి లేజరు కిరణాలు ఈనాటికీ తిరిగి వస్తున్నాయి. మరి పది లక్షల ఆటకు సాక్ష్యం ఏది? మనుషుల్ని వేటాడవచ్చనే చట్టం దేశంలో ఉందా అని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది.

నమ్మి ఆపమన్నవాళ్ళ సంగతి నాకు పెద్దగా బెంగ కలిగించదు. వాళ్ళు మోసపోయినా మనసు చెడలేదు. నన్ను భయపెట్టేది నమ్మి మరీ దరఖాస్తు పెట్టినవాళ్ళే. ఒక్కసారి ఆలోచించండి. పారిపోయేవాడు మన తెర మీద కనిపించాలంటే అతని పక్కనే ఒక కెమెరా ఉండాలి. ఆ కెమెరా పట్టుకున్నవాడు చెయ్యి అందిస్తే పోటీదారు బతుకుతాడు. కానీ అందించడు. ఎందుకని? మనం చూస్తున్నాం కనుక! మనం చూడటం మానేస్తే ప్రకటనలు రావు, బహుమతి ఉండదు, వేటా ఉండదు. ఆ ముగ్గురు వేటగాళ్ళకు జీతమిచ్చేది కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడే. నా దృష్టిలో ఈ సినిమా చెప్పిన అసలు మాట ఇదే.

హక్కుల తగాదా వల్ల ఈ సినిమా ఏళ్ళ తరబడి టీవీలో రాలేదు. మళ్ళీ 2002లో చూపించారు. అప్పటికే, అంటే 2000 నుంచే, జర్మనీలో 'బిగ్ బ్రదర్' మొదలైంది. అందులో తుపాకులు లేవు. కానీ మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి, రాత్రింబగళ్ళు కెమెరాలతో చూడటం మాత్రం ఉంది.

ఇప్పుడు కెమెరా మీ ఇంట్లోనే, ఫోనులోనే ఉంది. లేని మనిషినీ, అనని మాటనూ కంప్యూటరే సృష్టిస్తోంది. అందుకే ఏ వీడియో వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. తీసినవాడు ఎక్కడ నిలబడి తీశాడు? ముందూ వెనకా ఏం కత్తిరించాడు? నేను దీన్ని పదిమందికి పంపితే లాభం ఎవరికి?

ఇక నాలుగో ప్రశ్న మీరే కెమెరా పట్టుకున్న రోజు కోసం. ఎదురుగా ఎవరో దెబ్బతగిలి పడిపోయారు. మీ చేతిలో ఫోను ఉంది. దానితో వీడియో తీస్తారా, 108కి ఫోను చేస్తారా?